అనడం సరికాదు

కందుకూరు కోర్టు వరండాలో
మాలకొండయ్య ముందు వినబడ్డాడు,
తర్వాత కనబడ్డాడు.
చీమకుర్తిలో రాయి కోసే మిషను పక్కన పదకొండేళ్లు.
చెవులు సగం అక్కడే వదిలేసి వచ్చాడు.
"నమస్తే మేడం" అన్నా తిట్టినట్టుంటుంది.
"జడ్జిగారి ముందర గొంతు లేపొద్దు" అన్నాను.
"ఆఁ?" అని అరిచాడు.

ఒకే కట్ట, నలుగురు ముద్దాయిలు.
ఎఫ్ఐఆర్ మీద ప్రకాశం కొట్టేసి
ఎవరో నీలం సిరాతో నెల్లూరు అని రాశారు.
ఆ కాగితంలో
అంత సులువుగా మారేది ఇంకేం లేదు.
ఏ-వన్ అతను. ఏ-టూ వాళ్లమ్మ సుబ్బరత్నమ్మ.
ఏ-త్రీ చెల్లెలు పెంచల రాణి.
ఏ-ఫోర్ ఆమె మొగుడు,
రొయ్యల గుంటల కాడ రాత్రికాపలా మనిషి.

పెంచల రాణి ఆ రోజు కావలి ఆసుపత్రిలో ఉంది, పురిటికి.
"జుట్టు పట్టి ఈడ్చింది" అని రాసిన ఆ రాత్రి
ఆమె చేతికి సెలైను సూది ఉంది.
కేసు షీటు తెప్పించాను. డాక్టరును బోనెక్కించాను.
ఆ బిడ్డకిప్పుడు మూడేళ్లు.
వాయిదాకొకసారి వచ్చి
నా గౌను అంచు నోట్లో పెట్టుకుంటాడు.
వాళ్లకోసం నిద్ర మానుకున్నానని
ఎవరికైనా చెప్పగలను.

మిగతాది చెప్పాలంటే
గొంతు సవరించుకోవాలి.

మస్తానమ్మ చెప్పులు గడప బయటే విడిచి
బోనులోకి వచ్చింది.
"ఎన్నిసార్లు కొట్టాడు?"
"చానా సార్లు."
"చానా అంటే?"
"పాలోడి లెక్కా అమ్మా,
కాలెండరు మీద గీతలు పెట్టుకోటానికి?"
బెంచి క్లర్కు నవ్వు ఆపుకున్నాడు.
టైపిస్టు వేళ్లు ఆ మాటను తీసుకోలేదు.
అవి తీసుకున్నది ఇంత:
ఎన్నిసార్లు కొట్టాడో నాకు గుర్తులేదు.
"ఏ తారీఖున?"
"మా పొగాకు బేళ్లు వేలంలో వెనక్కొచ్చినాయే,
ఆ మర్నాడు."
తారీఖు గుర్తులేదు.
"ఏ చేత్తో?"
ఆమె అతని వైపు చూసింది.
చూపులు టైపు చెయ్యరు.

చివరికి, అలవాటు ప్రకారం,
నువ్వు చెప్పేదంతా అబద్ధం అన్నాను.
అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాననడం సరికాదు
అని ఆమె తరఫున కాగితం చెప్పింది.
ఆమె అన్నది,
"నీ ఇష్టం తల్లీ."

మా సీనియరు ఒకాయన ఉండేవాడు,
నిజం దేవుడి డిపార్టుమెంటు,
అనుమానం మనది, అనేవాడు.
ఒక వకాల్తా మీద నాలుగు వేలిముద్రలు.
ఒకటి తుడిచి మూడు ఉంచుకోమని
ఏ సెక్షనులో ఉంది?
సుబ్బరత్నమ్మను నేనేమీ అడగలేదు.
ఆమె ఏమీ చెప్పలేదు.
వాయిదాలన్నిటికీ సద్ది గిన్నె తెచ్చి
చెట్టు లేని చోట, బైకుల మధ్య కూర్చుని
కొడుక్కి పెట్టింది.

నలుగురినీ వదిలేశారు.
పెంచల రాణి ఏడ్చిన ఏడుపు
నా చెవిలో ఇంకా తియ్యగానే ఉంది.
మాలకొండయ్య మిగిలిన ఫీజు తెచ్చి,
నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి,
మూడేళ్లలో మొదటిసారి మెల్లగా మాట్లాడాడు.
"అంత కొట్టలా మేడం."

అంత.

నేను రసీదు రాశాను.
పెన్ను రెండుసార్లు ఆగింది, సిరా అయిపోయి కాదు.

సాయంత్రం ఉలవపాడు బస్సు.
కిటికీ పక్క సీటు దొరికింది నాకు.
నిలబడ్డవాళ్లలో మస్తానమ్మ.
కూర్చున్నవాళ్ల ఒళ్లో సామాను పెట్టడం
ఈ దారిలో అందరూ చేసేదే.
"కాస్త పట్టుకోమ్మా" అని
సంచి నా ఒళ్లో పెట్టింది.
ఒంటిమీద గౌను లేదు, తెల్ల బ్యాండు లేదు.
నన్ను గుర్తుపట్టలేదు.
గుర్తుపట్టలేదనడం
సరికాదేమో.

సంచిలో ఏముందో,
ఒక మూల గట్టిగా మోకాలికి గుచ్చుకుంటా ఉంది.
ఊరొచ్చేదాకా
కదపలేదు.